కారు బ్యాటరీ మార్చే ముందు: ఛార్జింగ్ లోపాన్ని మీరే పట్టుకునే పద్ధతి

ఒక సంక్రాంతికి రైల్లో నెల్లూరు వెళ్లి పన్నెండు రోజులకు బెంగళూరు తిరిగివచ్చేసరికి, కుందలహళ్లిలోని మా అపార్ట్‌మెంటు రెండో బేస్‌మెంటులో నిలిపిన కారు రిమోట్‌కు కూడా పలకలేదు. ఫోన్ చేస్తే వచ్చిన దుకాణం కుర్రాడు బానెట్ ఎత్తి, బ్యాటరీ మీద తేదీ చూసి, "మూడేళ్లయింది సార్, ఇక లాభం లేదు" అని కొత్తది బిగించి వెళ్లాడు. ఆ కొత్తది ఆరు రోజులకే దిగిపోయింది. అసలు దొంగ డిక్కీలోని అయిదు వాట్ల బల్బు. డిక్కీ తలుపు దగ్గరి స్విచ్చు అరిగిపోవడంతో తలుపు మూసినా ఆ బల్బు వెలుగుతూనే ఉండేది. అయిదు వాట్ల బల్బు సుమారు 0.4 ఆంపియర్లు తాగుతుంది. రోజుకు దాదాపు 10 ఆంపియర్-అవర్లు (ఒక ఆంపియర్ గంటసేపు పారితే ఒక ఆంపియర్-అవర్). మా కారు బ్యాటరీ సామర్థ్యమే 35. లెక్క వేస్తే, మధ్యలో బండి నడపకపోతే నాలుగు రోజులు కూడా నిలవదు.

బండి కదలనప్పుడు లోపం బయటపడేది బ్యాటరీలో, కానీ లోపం ఉండే చోట్లు నాలుగు: బ్యాటరీ, దాని కనెక్షన్లు, దాన్ని నింపే ఆల్టర్నేటర్, బండి నిలబడి ఉన్నప్పుడు దొంగచాటుగా కరెంటు తాగే పరికరం. ఈ నాలుగింటినీ వరుసగా పరీక్షించకుండా బ్యాటరీ మార్చడమంటే, చిల్లు ఎక్కడుందో చూడకుండా బిందె నింపడమే.

బెంగళూరులో ఈ బెడద ఎందుకు ఎక్కువ

బ్యాటరీకి ఎండ శత్రువన్నది నిజమే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగిన కొద్దీ దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే స్థూలమైన లెక్క. చెన్నై వేళచ్చేరిలో ఉండే మా బావగారి కారుకు ఎండతో పాటు సముద్రపు గాలి కూడా తోడై టెర్మినళ్లు (బ్యాటరీకి వైర్లు తగిలించే కొనలు) ఏడాదికి రెండుసార్లు పొక్కుతాయి. బెంగళూరు చల్లని ఊరు కాబట్టి ఆ బాధ తక్కువే అయినా, ఇక్కడ బ్యాటరీలు మరో రకంగా చస్తాయి. 2023లో పర్పుల్ లైన్ మెట్రో వైట్‌ఫీల్డ్ వరకు పూర్తిగా వచ్చాక, అంతకుముందే ఇంటి నుంచి పని అలవాటయ్యాక, చాలామంది కార్లు శనివారం దాకా బేస్‌మెంటులోనే ఉంటున్నాయి. శనివారం తీసినా సిల్క్ బోర్డ్ దగ్గర ఏసీ వేసుకుని నత్తనడకన పాకడమే తప్ప బ్యాటరీ నిండేటంత పరుగు ఉండదు.

సగం నిండిన బ్యాటరీని అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద ఏర్పడే లెడ్ సల్ఫేట్ మెల్లగా గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జింగ్ ఎక్కించినా కరగని స్ఫటికాలుగా మారుతుంది. దీన్నే సల్ఫేషన్ అంటారు. నింపకుండా నిలబెట్టిన బ్యాటరీ నడిపిన బ్యాటరీ కంటే ముందే చావడానికి కారణం ఇదే.

కావలసిన సామగ్రి, తీసుకోవలసిన జాగ్రత్త

ఎస్పీ రోడ్డులో వెయ్యి రూపాయల లోపు దొరికే డిజిటల్ మల్టీమీటర్ చాలు. అయితే దానికి 10 ఆంపియర్ల కరెంటు కొలిచే రంధ్రం ఉండాలి. దీనితో పాటు పదో నంబరు స్పానర్, ఇనుప కుచ్చు బ్రష్, వంట సోడా, పెట్రోలియం జెల్లీ, రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు సిద్ధం చేసుకోవాలి.

ఛార్జింగ్ ఎక్కే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి నిప్పు, సిగరెట్టు దగ్గరికి రాకూడదు. వేలి ఉంగరం, చేతి గడియారం తీసి జేబులో వేసుకోండి. స్పానర్ ఒక చివర పాజిటివ్‌కూ రెండో చివర బాడీకీ తగిలితే మధ్యలో ఉన్న ఉంగరం క్షణంలో ఎర్రగా కాలుతుంది. ఈ కారణంగానే విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర.

మొదటి అంచె: చెవితో వినండి

తాళం తిప్పినప్పుడు టకటకమని వరుసగా కొట్టుకుంటే బ్యాటరీలో బలం చాలడం లేదు, లేదా టెర్మినల్ వదులుగా ఉంది. ఒకే ఒక్క 'టక్' వినిపించి, ఆ సమయంలో హెడ్‌లైట్లు వెలుగు తగ్గకుండా నిలిస్తే, అనుమానం సెల్ఫ్ మోటార్ మీదికీ దాని కేబుల్ మీదికీ వెళ్లాలి. అదే ఒక్క శబ్దంతో పాటు లైట్లు కూడా మసకబారితే బ్యాటరీ నీరసించినట్టో, సెల్ఫ్ బిగుసుకున్నట్టో అర్థం. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతూ ఇంజిన్ మాత్రం అందుకోకపోతే అది ఇంధనానిదో ఇగ్నిషన్‌దో అయిన వేరే కథ; పదేపదే సెల్ఫ్ కొట్టి నిక్షేపంగా ఉన్న బ్యాటరీని చంపుకోవద్దు. లైట్లు బాగా వెలుగుతూ ఏ శబ్దమూ రాకపోతే గేర్ పార్కింగులో ఉందా, క్లచ్ పూర్తిగా నొక్కారా, తాళంలోని చిన్న బ్యాటరీ అయిపోయిందా అన్నది ముందు చూడండి.

రెండో అంచె: కంటితో చూడండి

టెర్మినల్ క్లాంపును (వైరును బ్యాటరీ కొనకు పట్టి ఉంచే బిగింపును) చేత్తో పట్టి మెలితిప్పి చూడండి. చేతికి కదిలితే అదే లోపం కావచ్చు; రోడ్డు మీద ఆగిపోయిన కార్లలో చాలావాటికి స్పానర్‌తో రెండు చుట్లు సరిపోతాయి. తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడి ఉంటే క్లాంపులు విప్పి, వంట సోడా కలిపిన నీళ్లు పోసి పొంగు ఆగేదాకా ఉంచి, బ్రష్‌తో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి బిగించాలి. బిగించిన తర్వాతే పైన పెట్రోలియం జెల్లీ రాయాలి. కొందరు గ్రీజును ముందుగా లోపల దట్టించి పైన క్లాంపు తొడుగుతారు; లోహానికి లోహం తగలవలసిన చోట అది అడ్డుపొర అవుతుంది.

బ్యాటరీ పక్కలు ఉబ్బినా, కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చినా ఓవర్‌ఛార్జింగ్ జరిగినట్టు. అలాంటి బ్యాటరీకి జంప్ స్టార్ట్ (మరో కారు బ్యాటరీ నుంచి వైర్లు కలిపి ఇంజిన్ లేపడం) ఇవ్వకండి. మూతలు తెరుచుకునే రకం అయితే ద్రవం మట్టం చూసి, ప్లేట్లు మునిగి గీత వరకు వచ్చేలా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీళ్లు పనికిరావు, ఫిల్టర్ నీళ్లూ పనికిరావు, యాసిడ్ అసలే పోయకూడదు. కొన్ని బ్యాటరీల పైన ఛార్జి చూపే చిన్న గాజు కంటిలో ఆకుపచ్చ రంగు కనిపిస్తే చాలని మురిసిపోనక్కరలేదు. ఆ కన్ను బ్యాటరీ లోపలి ఆరు సెల్లుల్లో (విడివిడి గదుల్లో) ఒక్కదాని సంగతే చెబుతుంది.

మూడో అంచె: నిద్రలో ఉన్న బ్యాటరీ వోల్టేజీ

బండిని రాత్రంతా నిలిపి, పొద్దున్నే ఏ తలుపూ తీయకముందే కొలిస్తే సరైన అంకె వస్తుంది. అంత ఓపిక లేకపోతే రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వేసి ఆర్పి, అయిదు నిమిషాలు ఆగి కొలవండి. ప్లేట్ల పైపైన నిలిచిన ఛార్జి పోతుంది. మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర మొనను పాజిటివ్ సీసం కొనకు, నల్లదాన్ని నెగటివ్ కొనకు ఆనించాలి. క్లాంపుకు కాదు, కొనకే.

12.6 వోల్టులు, ఆపైన వస్తే నిండుగా ఉంది. 12.4 వస్తే ముప్పాతిక, 12.2 వస్తే సగం, 12.0 వస్తే పావు వంతు మిగిలినట్టు లెక్క. 11.9 కంటే దిగితే ఖాళీ కింద జమ. ఒక్కో సెల్లు 2.1 వోల్టులు ఇస్తుంది కాబట్టి, పూర్తిగా ఛార్జింగ్ పెట్టిన తర్వాత కూడా 10.5 దగ్గరే ఆగిపోతే ఒక సెల్లు చచ్చిపోయిందని తేలిగ్గా చెప్పవచ్చు. దానికి వైద్యం లేదు.

12.4 కంటే తక్కువ వస్తే తర్వాతి అంచెకు వెళ్లవద్దు. సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో, అంటే 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి మూడున్నర ఆంపియర్లతో, ఛార్జర్ మీద రాత్రంతా నింపి మళ్లీ కొలవాలి. ఆకలితో ఉన్నవాడి చేత బరువు మోయించి బలహీనుడని తీర్పు చెప్పకూడదు కదా.

నాలుగో అంచె: సెల్ఫ్ కొట్టేటప్పుడు

మీటరు మొనలు అక్కడే ఉంచి, ఇంకొకరిని తాళం తిప్పమనండి. తిరుగుతున్నంతసేపూ వోల్టేజీ 9.6 కంటే పైన నిలవాలి. నిండుగా ఉన్న బ్యాటరీ కూడా అంతకంటే కిందికి జారితే అది ముసలిదైపోయింది, మార్చాలి. ఈ ఊళ్లో చలి నామమాత్రమే కాబట్టి జనవరి తెల్లవారుజామున కూడా ఈ అంకెకు మినహాయింపు ఇవ్వనక్కరలేదు.

బ్యాటరీ దగ్గర 10.5 నిలిచినా సెల్ఫ్ మాత్రం ఈడుస్తూ తిరిగితే లోపం దారిలో ఉంది. దీన్ని పట్టే పరీక్షను వీధి గ్యారేజీల్లో చాలామంది చేయరు. ఎర్ర మొన బ్యాటరీ నెగటివ్ కొన మీద, నల్ల మొన ఇంజిన్ మీద శుభ్రమైన లోహపు చోట పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అరవోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ వైరు (బ్యాటరీ నెగటివ్‌ను బాడీకీ ఇంజిన్‌కూ కలిపేది) వోల్టేజీని తినేస్తోంది. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి దానికీ బాడీకీ మధ్య జడలా అల్లిన ఎర్త్ పట్టీ ఒకటి ఉంటుంది. దాని బోల్టు దగ్గర తుప్పు పడితే ఎంత కొత్త బ్యాటరీ పెట్టినా సెల్ఫ్ మూలుగుతూనే ఉంటుంది. సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగేటప్పుడు ఓమ్‌లో నూరో వంతు నిరోధం ఉన్నా ఒకటిన్నర వోల్టు మాయమవుతుంది. పాజిటివ్ వైపూ ఇలాగే బ్యాటరీ కొన నుంచి సెల్ఫ్ బోల్టు దాకా కొలవవచ్చు.

అయిదో అంచె: ఆల్టర్నేటర్ పని చేస్తోందా

పాత మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అనే పిలుస్తారు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ కొనల దగ్గర 13.8 నుంచి 14.7 వోల్టుల మధ్య రావాలి. ఆ తర్వాత హెడ్‌లైట్లు హై బీమ్‌లో వేసి, బ్లోయర్ పూర్తిగా పెట్టి, ఇంజిన్‌ను 1500 చుట్ల దగ్గర నిలబెట్టి చూస్తే 13.5 కంటే దిగకూడదు. ఇంజిన్ నడుస్తున్నా 12.5 దగ్గరే ఉండి క్రమంగా తగ్గుతూ పోతే ఛార్జింగ్ ఎక్కడం లేదు. ముందు బెల్టు చూడండి: పగుళ్లు, మెరుపు, వదులు. వాన రోజు పొద్దున కీచుమనే శబ్దం దాని హెచ్చరికే. బెల్టు బాగుంటే ఆల్టర్నేటర్ లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగి గానీ, వోల్టేజీని హద్దులో ఉంచే రెగ్యులేటర్ పాడై గానీ ఉండవచ్చు. ఇవి మార్చుకునే భాగాలు, మొత్తం ఆల్టర్నేటర్ కొనమని అడిగే ముందు జేసీ రోడ్డులో విడిగా దొరుకుతాయేమో విచారించండి.

15 వోల్టులు దాటితే రెగ్యులేటర్ పోయింది. దాన్ని వదిలేస్తే బ్యాటరీని ఉడకబెట్టేస్తుంది. ఇంకొక చిన్న పరీక్ష ఉంది: మీటరును ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల మీదికి మార్చి, ఇంజిన్ నడుస్తుండగా అదే చోట కొలవండి. అరవోల్టు కంటే ఎక్కువ వస్తే ఆల్టర్నేటర్ లోపల, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్ ఒకటి చెడింది. చెడిన డయోడ్ పగలు సరిగ్గా నింపదు, రాత్రి బ్యాటరీని వెనక్కి ఖాళీ చేస్తుంది కూడా.

కొత్త కార్లలో కొన్ని, ఇంధనం ఆదా కోసం, బ్యాటరీ నిండాక వోల్టేజీని కంప్యూటర్ చేత తగ్గించి, బండి వేగం తగ్గేటప్పుడు పెంచుతాయి. అటువంటి కారులో 12.8 చూసి కంగారుపడకుండా హెడ్‌లైట్లు వేసి మళ్లీ చూడండి. అప్పుడూ పెరగకపోతేనే కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ ఉన్నవారి దగ్గరికి వెళ్లాలి.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, బండి ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగున్నట్టే అని తేల్చే పాత పద్ధతి ఒకటి ఉంది. దాన్ని ఎవరినీ చేయనివ్వకండి. ఆ క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి, వేల రూపాయల కంట్రోల్ యూనిట్ (కారులోని కంప్యూటర్) కాలిపోవచ్చు.

ఆరో అంచె: దొంగను పట్టడం

పై పరీక్షలన్నీ నెగ్గినా బండి నాలుగు రోజులు నిలిపితే దిగిపోతోందంటే, నిద్రలో ఉన్నప్పుడు ఏదో తాగుతోంది. ప్రతి కారూ గడియారానికీ, అలారానికీ, రిమోట్ రిసీవరుకూ కొంత ఇచ్చుకుంటుంది; 20 నుంచి 50 మిల్లీఆంపియర్ల వరకు సహజం. అయితే ఆ సహజమైన 50తో కూడా రోజుకు 1.2 ఆంపియర్-అవర్లు, నెలకు 36 ఖర్చవుతాయి. అంటే ఏ లోపమూ లేని చిన్న కారు నెలపాటు నిలబడితే కదలకపోవడం తప్పేమీ కాదు.

కొలిచే ముందు కారును నమ్మించి నిద్రపుచ్చాలి. బానెట్ ఎత్తి, డ్రైవరు తలుపు తెరిచే ఉంచి, తలుపు అంచున ఉన్న కొక్కేన్ని స్క్రూడ్రైవరుతో క్లిక్ మనే దాకా నొక్కితే తలుపు మూసుకుందనుకుంటుంది. పని అయ్యాక హ్యాండిల్ లాగి కొక్కేన్ని తెరవకుండా తలుపు వేశారో, కొక్కెం విరుగుతుంది. తాళాన్ని ఇంట్లో పెట్టి రండి, దగ్గర ఉంటే కారు మేలుకునే ఉంటుంది.

ఇప్పుడు నెగటివ్ క్లాంపు విప్పి, మీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, ఒక మొన బ్యాటరీ నెగటివ్ కొనకు, రెండో మొన విప్పిన క్లాంపుకు తగిలించి కదలకుండా ఉంచండి. మొదట రెండు మూడు ఆంపియర్లు చూపించవచ్చు, భయపడవద్దు. అరగంట నుంచి నలభై నిమిషాలకు ఒక్కొక్క కంట్రోల్ యూనిట్ నిద్రపోతూ అంకె దిగివస్తుంది. ఈ స్థితిలో సెల్ఫ్ కొట్టకూడదు. మీటరు ఫ్యూజు పోతుంది. కొలత అయ్యాక ఎర్ర వైరును తిరిగి వోల్టుల రంధ్రంలోకి మార్చడం మరవకండి. నేను ఒకసారి మరిచి బ్యాటరీ కొనలకు ఆనించి, నిప్పురవ్వ చూసి, మీటరు ఫ్యూజు కోసం మళ్లీ ఎస్పీ రోడ్డు వెళ్లాను.

నిలకడ అంకె 0.05 కంటే ఎక్కువ ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీస్తూ రండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో ఆ దారిలో దొంగ ఉన్నాడు. మా కారులో 0.43 నుంచి 0.03కు పడింది లోపలి దీపాల ఫ్యూజు తీసినప్పుడే. డిక్కీ దీపం ఆరుతోందో లేదో చూడడానికి ఫోన్లో వీడియో రికార్డింగ్ పెట్టి డిక్కీలో వదిలి మూత వేశాను. తీసి చూస్తే ఎక్కడా చీకటి లేదు.

మన కార్లలో తరచూ దొరికే మిగతా దొంగలు: పార్కింగ్ రికార్డింగ్ కోసం నేరుగా బ్యాటరీకి కలిపిన డ్యాష్ కెమెరా, బయట వేయించిన మ్యూజిక్ సిస్టమ్, ఓబీడీ సాకెట్‌లో (మెకానిక్ స్కానర్ తగిలించే చోట) వదిలేసిన జీపీఎస్ ట్రాకర్. 250 మిల్లీఆంపియర్ల కెమెరా రోజుకు ఆరు ఆంపియర్-అవర్లు తాగుతుంది. వోల్టేజీ 12.2కు దిగగానే దాన్ని కట్ చేసే పరికరం పెట్టించుకోండి.

దారిలో ఎర్ర బ్యాటరీ దీపం వెలిగితే

హైదరాబాద్ వైపు ఎన్‌హెచ్ 44 మీద వెళ్తుండగా ఈ దీపం వెలిగితే ముందు టెంపరేచర్ సూచిక చూడండి. చాలా కార్లలో ఆల్టర్నేటర్ బెల్టే వాటర్ పంపునూ తిప్పుతుంది. వేడి ఎక్కుతుంటే బెల్టు తెగినట్టు, వెంటనే పక్కకు తీసి ఆపాలి. వేడి మామూలుగా ఉంటే ఏసీ, మ్యూజిక్, ఫోన్ ఛార్జింగ్ ఆపి, ఇంజిన్‌ను ఎక్కడా ఆర్పకుండా దగ్గరి ఊరి దాకా వెళ్లండి. పగలైతే కొంత దూరం పోనిస్తుంది, రాత్రి హెడ్‌లైట్లతో అంత పోనివ్వదు.

జంప్ స్టార్ట్ వరుస ఇది: ఎర్ర వైరు ముందు దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కు, తర్వాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కు, నల్ల వైరు మంచి బ్యాటరీ నెగటివ్‌కు, చివరి కొన దిగిపోయిన కారు ఇంజిన్ మీద బ్యాటరీకి దూరంగా ఉన్న లోహానికి. తీసేటప్పుడు సరిగ్గా తలకిందులు. ఆటోమేటిక్ బండిని తోసి స్టార్ట్ చేయించే ప్రయత్నం వద్దు.

రాకుండా చూసుకోవడం

"వారానికోసారి పది నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఉంచండి" అనే సలహా ప్రతి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులోనూ తిరుగుతుంది. అది పెట్రోలు ఖర్చే తప్ప ఛార్జింగ్ కాదు. 30 మిల్లీఆంపియర్ల లెక్కన వారంలో ఖర్చయ్యేది అయిదు ఆంపియర్-అవర్లు. నిలబడిన ఇంజిన్, పైగా ఏసీ వేసుకుని, పది నిమిషాల్లో అంత తిరిగి ఇవ్వదు. ఆదివారం పొద్దున్నే రద్దీ లేనప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు మీద నలభై నిమిషాలు నడిపితే ఆ లోటు చాలావరకు పూడుతుంది. పార్కింగులో ప్లగ్గు ఉన్న అదృష్టవంతులు ఆటోమేటిక్ మెయింటెనెన్స్ ఛార్జర్ తగిలించుకోవచ్చు. మూడు వారాలకు మించి ఊరు వెళ్తే నెగటివ్ క్లాంపు విప్పి వెళ్లండి. కాకపోతే రిమోట్ పని చేయదు కాబట్టి మామూలు తాళం చెవి దగ్గర ఉంచుకోండి, తిరిగి వచ్చాక గడియారం, పవర్ విండోల ఆటో సెట్టింగు మళ్లీ చేసుకోవాలి.

ఎలక్ట్రిక్ కారు కొన్నవారు ఇదంతా తమకు పట్టదనుకోకూడదు. ఆ పెద్ద బ్యాటరీని మేల్కొలిపేది కూడా చిన్న 12 వోల్టుల బ్యాటరీయే. దాన్ని ఆల్టర్నేటర్‌కు బదులు, పెద్ద బ్యాటరీ వోల్టేజీని తగ్గించి ఇచ్చే డీసీ-డీసీ కన్వర్టర్ నింపుతుంది. అది దిగిపోతే అరవై శాతం ఛార్జి ఉన్న కారు కూడా తలుపు తీయదు.

మార్చక తప్పనప్పుడు

మూడు నుంచి అయిదేళ్లు పనిచేసిన బ్యాటరీ నాలుగో అంచెలో ఓడిపోతే బాధపడకుండా మార్చేయండి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగే కార్లకు కంపెనీ ఇచ్చిన ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకమే (పదేపదే స్టార్ట్ అవడాన్ని తట్టుకునే బ్యాటరీలు) మళ్లీ వేయాలి. మామూలుది చవకని వేస్తే ఏడాది తిరక్కుండానే అలసిపోతుంది. పరిమాణం, పాజిటివ్ కొన ఏ పక్కన ఉందన్నది పాతదానితో సరిచూడండి. మన తిరుపతి పక్కన కరకంబాడిలో తయారైన బ్యాటరీలు బెంగళూరులో ప్రతి వీధిలోనూ దొరుకుతాయి. ఏ కంపెనీదైనా తయారైన నెల చూసి, ఆరు నెలలకు మించి అరలో కూర్చున్నది వద్దనండి. పాత బ్యాటరీని దుకాణంలోనే ఇచ్చి ధరలో తగ్గింపు తీసుకోండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులది.

బిగించే ముందు కొత్తదాని వోల్టేజీని మీ మీటరుతోనే కొలవండి, 12.4 లేకపోతే మరొకటి అడగండి. బిగించాక అడుగున పట్టే క్లాంపు గట్టిగా ఉందో లేదో బ్యాటరీని ఊపి చూడండి, వారంటీ కార్డు మీద సీరియల్ నంబరు, బండి నంబరు, తేదీ అక్కడికక్కడే రాయించండి. చివరగా ఇంజిన్ స్టార్ట్ చేయించి, దుకాణం ముందే నిలబడి అయిదో అంచె మళ్లీ ఒకసారి కొలిచి, 13.8 దాటిన తర్వాతే డబ్బు ఇవ్వండి.